నీరు తొలిచిన నేల

సున్నపురాయి నీటిలో కరుగుతుంది. కాకపోతే ఆ నీరు కాస్త పుల్లగా ఉండాలి. వాన చినుకు గాలిలోంచి కొంత కార్బన్ డయాక్సైడును కలుపుకుంటుంది. అసలు మోతాదు దానికి మట్టిలో దొరుకుతుంది. వేళ్లూ సూక్ష్మజీవులూ వదిలే ఊపిరి వల్ల మట్టి పొరల్లో ఆ వాయువు బయటి గాలిలో కంటే పదుల రెట్లు ఎక్కువగా ఉంటుంది. అలా బలహీనమైన కార్బోనిక్ ఆమ్లంగా మారిన నీరు రాతి పగుళ్లలోకి దిగి, కాల్షియం కార్బొనేటును కొద్దికొద్దిగా కరిగించి తనతో పట్టుకుపోతుంది. వేల ఏళ్లు, లక్షల ఏళ్లు ఇదే పని. పగులు సందవుతుంది, సందు సొరంగమవుతుంది, కొన్ని సొరంగాలు కలిసి గుహవుతాయి. ఈ తీరున నీరు తొలిచిన నేలను భూగర్భ శాస్త్రం కార్స్ట్ అంటుంది. స్లొవేనియా, ఇటలీ సరిహద్దులోని క్రాస్ పీఠభూమి నుంచి వచ్చిన పేరది. సెర్బియా భూగోళ శాస్త్రవేత్త యోవాన్ స్వియిచ్ 1893లో వెలువరించిన గ్రంథంతో ఈ అధ్యయనం ఒక శాస్త్రంగా నిలబడింది.

మంచు కప్పని నేలలో దాదాపు 15 శాతం మేర ఇలా కరిగే కార్బొనేట్ రాళ్లే ఉన్నాయి. ప్రపంచ జనాభాలో సుమారు పదో వంతు తాగేది ఈ రాళ్లలోంచి వచ్చే నీళ్లే. వియన్నా నగరం 1873 నుంచి ఆల్ప్స్ సున్నపురాతి కొండల ఊటలను కాలువల్లో తెచ్చుకుని తాగుతోంది.

పైనుంచి చూస్తే కార్స్ట్ నేలను గుర్తుపట్టడానికి మొదటి ఆనవాలు వాగులు లేకపోవడం. వాన బాగానే కురుస్తుంది, నీరు మాత్రం పైన నిలవదు, పారదు. ఎక్కడో ఒక గుంత దగ్గర వాగు ఉన్నట్టుండి నేలలోకి దిగిపోతుంది. కొన్ని కిలోమీటర్ల అవతల కొండ అడుగున బుగ్గగా పైకి ఉబుకుతుంది. మధ్యలో గిన్నెల్లా కుంగిన పల్లాలు, కత్తుల్లా కోసుకుపోయిన రాతి అంచులు కనిపిస్తాయి. వేడి, వాన రెండూ ఎక్కువగా ఉన్నచోట ఇదే రాయి చైనాలోని గుయ్‌లిన్ దగ్గర నిటారు కొండల వరుసగా నిలిచింది. మెక్సికోలోని యుకటాన్‌లో పైకప్పు కూలిన గుహలు నీలి నీటి బావులయ్యాయి. అమెరికాలో కెంటకీ రాష్ట్రంలోని మామత్ గుహ ఇప్పటిదాకా కొలిచినంత మేరకే 680 కిలోమీటర్లు దాటింది.

రాతిని కరిగించిన నీరే దాన్ని తిరిగి కడుతుంది కూడా. బరువెక్కిన చుక్క గుహ కప్పు దగ్గర గాలి తగలగానే తనలోని కార్బన్ డయాక్సైడును వదిలేస్తుంది. ఇక కాల్షియం కార్బొనేటును పట్టి ఉంచే శక్తి దానికి ఉండదు. సన్నని పొర కప్పుకు అంటుకుంటుంది, మిగిలింది కింద రాలిన చోట గట్టిపడుతుంది. పైనుంచి వేలాడేది స్టాలక్టైట్, నేల నుంచి లేచేది స్టాలగ్మైట్. చాలా గుహల్లో ఇవి ఏడాదికి మిల్లీమీటరులో పదో వంతు పెరిగితే గొప్ప. చేతికి అందిందని సందర్శకుడు విరిచి జేబులో వేసుకున్న ముక్క వెనుక కొన్ని వందల ఏళ్లు ఉంటాయి.

నాపరాయి సీమ

తెలుగు నేల మీద కార్స్ట్‌కు పుట్టిల్లు కర్నూలు, నంద్యాల, కడప, అనంతపురం జిల్లాల్లో పరుచుకున్న కడప బేసిన్. దాని ఈశాన్యపు కొస పల్నాడు. కృష్ణ దాటితే నల్లగొండ, సూర్యాపేట వైపు కూడా ఇదే రాయి తగులుతుంది. ఇక్కడి సున్నపురాళ్లు ప్రొటెరోజోయిక్ యుగపు సముద్రాల అడుగున పేరుకున్నవి. గుల్ల ఉన్న జంతువులు అప్పటికింకా పుట్టలేదు, అందుకే వీటిలో శంఖాలు, నత్తగుల్లల ముద్రలు కనిపించవు. కడప జిల్లాలోని నార్జి ఊరి పేరుతో పిలిచే నార్జి సున్నపురాయి వీటిలో ముఖ్యమైనది. బేతంచెర్ల, కొలిమిగుండ్ల, తాడిపత్రి క్వారీల్లో పలకలుగా లేచి తెలుగిళ్ల నేలకు చేరిన నాపరాయి చాలావరకు ఈ పొరలదే. తాండూరు బండ మాత్రం భీమా బేసిన్ అనే మరో సముద్రపు అడుగుది.

బెలుం గుహలు కొలిమిగుండ్ల మండలంలో ఈ నల్లని నార్జి రాతిలోనే తొలుచుకుపోయాయి. చుట్టూ చదును పొలాలు. కొండ గానీ గుట్ట గానీ లేదు, నేలలో మూడు బావుల్లాంటి రంధ్రాలు ఉన్నాయంతే. 1884లో బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ వీటిని నమోదు చేశాడు. ఆ తరువాత వందేళ్ల పాటు లోపలికి వెళ్లి కొలిచినవారు లేరు. 1980ల మొదట్లో జర్మన్ గుహాన్వేషి డేనియల్ గెబావర్ బృందం స్థానికుల సాయంతో దారులన్నీ కొలిచింది. మొత్తం పొడవు 3,229 మీటర్లని తేలింది. ఉపఖండపు మైదాన ప్రాంతాల్లో ఇంతకంటే పొడవైన గుహ మరొకటి లేదు. అట్టడుగున, నేలమట్టానికి 46 మీటర్ల లోతున, పాతాళగంగ అనే చిన్న ధార రాతి కిందికి దిగి మాయమవుతుంది.

బేతంచెర్ల దగ్గరి బిల్లసుర్గం గుహలది మరో రకం ప్రాధాన్యం. 1884, 85లలో ఫుట్, ఆయన కొడుకు హెన్రీ అక్కడ తవ్వకాలు జరిపి ప్రాచీన జంతువుల ఎముకలను పెద్ద ఎత్తున వెలికితీశారు. వాటిలో ఒక ఖడ్గమృగానికి లిడెక్కర్ అనే శాస్త్రవేత్త కర్నూలు పేరే పెట్టాడు. ఇవాళ మేకలు తప్ప మరో పెద్ద జంతువు కనిపించని ఆ బోడి గుట్టల మధ్య ఒకప్పుడు ఖడ్గమృగాలు తిరిగాయని చెప్పే సాక్ష్యం గుహ మట్టిలోనే మిగిలింది. బయట వానకు, ఎండకు ఆ ఎముకలు ఏనాడో పొడైపోయేవి.

గుహ దాచేది ఎముకలనే కాదు. స్టాలగ్మైట్ పొరల్లోని ఆక్సిజన్ ఐసోటోపుల నిష్పత్తిని బట్టి ఏ కాలంలో రుతుపవనాలు బలంగా ఉన్నాయో, ఎప్పుడు ముఖం చాటేశాయో చెప్పవచ్చు. యురేనియం, థోరియం కొలతలు ఆ పొరల వయసు చెబుతాయి. కర్నూలు ప్రాంతంలోని వాల్మీకి గుహలో దొరికిన స్టాలగ్మైట్ సుమారు 15 వేల ఏళ్ల కిందటి, మంచుయుగం వీడుతున్న నాటి రుతుపవనాల నడతను పట్టి చూపింది. బస్తర్‌లోని దండక్ గుహ రాయి 14, 15 శతాబ్దాల్లో ఏళ్ల తరబడి సాగిన వర్షాభావాలను నమోదు చేసింది. మేఘాలయలోని మామ్లుహ్ గుహ స్టాలగ్మైట్ ఆధారంగా 4,200 ఏళ్ల కిందట మొదలైన కాలానికి 2018లో మేఘాలయన్ అనే పేరు ఖాయమైంది. భూచరిత్రలో మనం ఇప్పుడు బతుకుతున్న అంకం అదే. వాన లెక్కలు రాసిపెట్టే ఆఫీసులు మన దేశంలో రెండు శతాబ్దాల పాతవి. అంతకు ముందటి చిట్టాలు ఇలాంటి రాళ్లలోనే ఉన్నాయి.

వడపోత లేని నీరు

1901 ఆగస్టులో ఫ్రాన్స్‌లోని పొంతార్లియే పట్టణంలో పెర్నో మద్యం కర్మాగారం మీద పిడుగు పడి మంటలు లేచాయి. పీపాలు పేలతాయన్న భయంతో లక్షల లీటర్ల ఆబ్సింత్ మద్యాన్ని పక్కనున్న దూ నదిలోకి వదిలేశారు. రెండు రోజుల తరువాత, అక్కడికి పది కిలోమీటర్లకు పైగా దూరంలో, కొండ అడుగున పుట్టే లూ నది ఊట దగ్గర సోంపు వాసన గుప్పుమంది. లూ సొంతంగా పుట్టిన నది అని అప్పటిదాకా అందరి నమ్మకం. దూ నదీగర్భంలోని పగుళ్లలోకి జారిన నీరే కొండ కిందుగా నడిచి లూగా బయటపడుతోందని ఆ మద్యం చెప్పింది. తరువాత రంగునీళ్ల పరీక్షతో శాస్త్రజ్ఞులు దాన్ని ధ్రువీకరించారు.

ఆ రంగునీళ్ల పద్ధతి అప్పటికి కొత్తది కాదు. 1877లో జర్మనీలో డాన్యూబ్ నది ఇంకిపోయే చోట 10 కిలోల ఫ్లోరెసిన్ రంగు కలిపారు. 12 కిలోమీటర్ల అవతల ఆహ్ ఊట దాదాపు 60 గంటల తరువాత పచ్చగా మెరిసింది. డాన్యూబ్ నల్లసముద్రానికి పోతుంది, ఆహ్ నీళ్లు రైన్ నదిలో కలిసి ఉత్తర సముద్రానికి పోతాయి. పటం మీద గీసిన నదీ పరీవాహక గీతలు నేల కింద చెల్లవని ఆ పచ్చరంగు తేల్చింది.

కార్స్ట్‌కు ఎదురయ్యే ప్రమాదాల్లో చాలా వాటికి మూలం ఇక్కడుంది. ఇసుక, ఒండ్రు నేలల్లో భూగర్భ జలం రేణువుల మధ్య ఇరుక్కుంటూ రోజుకు కొన్ని సెంటీమీటర్లో, మహా అయితే కొన్ని మీటర్లో కదులుతుంది. ఆ ప్రయాణంలో మురికి వడకట్టుకుపోతుంది, సూక్ష్మజీవులు చస్తాయి. కార్స్ట్‌లో నీరు గొట్టంలో పారినట్టు పారుతుంది, రోజుకు కిలోమీటర్లు పోతుంది. పైన ఏది కలిస్తే అది అదే రూపంలో ఊటలో తేలుతుంది. గుంతలో వేసిన చెత్త నేల తినేస్తుందని, పోసిన మురుగు ఇంకిపోతుందని అనుకునే చోట నిజానికి అది పక్క ఊరి బావికి బయలుదేరుతుంది.

కెనడాలోని వాకర్‌టన్ పట్టణం ఈ లెక్క తెలియక 2000 మే నెలలో ప్రాణాలు పోగొట్టుకుంది. భారీ వానకు పశువుల పేడలోని ఈ-కోలై బాక్టీరియా ఊరి తాగునీటి బావిలోకి చేరింది. ఏడుగురు చనిపోయారు, రెండు వేల మందికి పైగా జబ్బుపడ్డారు. నీటిలో క్లోరిన్ సరిగా కలపని సిబ్బంది నిర్లక్ష్యం విచారణలో బయటపడింది. బావి చుట్టూ ఉన్న రాతి స్వభావం గురించి జరిగిన చర్చ అంతగా ప్రచారంలోకి రాలేదు. కంప్యూటర్ నమూనా వేసిన అంచనా కంటే అక్కడి నీరు ఎన్నో రెట్లు వేగంగా కదులుతోందని రంగు పరీక్షలు తరువాత చూపాయి.

స్లొవేనియాలోని క్రూపా ఊట కథలో ఇంత హడావుడి లేదు గానీ, ఆ గాయం ఇంకా మానలేదు. 1960ల నుంచి ఒక కెపాసిటర్ల కర్మాగారం పీసీబీ అనే విషరసాయనమున్న వ్యర్థాలను చుట్టుపక్కల సున్నపురాతి గుంతల్లో పారబోసింది. 1983లో ఊట నీటిలో అది బయటపడింది. పీసీబీ తేలిగ్గా విరగదు, కొవ్వులో చేరి ఉండిపోతుంది. ఆ నేల కింద బతికే ఓల్మ్ అనే గుడ్డి ఉభయచరం వందేళ్ల దాకా బతకగల ప్రాణి, ఏళ్ల తరబడి తిండి లేకుండా ఉండగలదు. ఆలస్యంగా ఎదిగి, అరుదుగా గుడ్లు పెట్టే ఇలాంటి జీవి ఒంట్లోకి చేరిన విషం తరాల పాటు పోదు.

మన దగ్గర బెలుం గుహలు కూడా 1980ల చివరి వరకు చుట్టుపక్కల వారికి చెత్త వేసే చోటుగానే ఉండేవి. బీడు మధ్య లోతైన గుంత కనబడితే చచ్చిన గొడ్డును, పగిలిన సీసాలను అందులో పడేయడం కార్స్ట్ ఉన్న ప్రతి దేశంలోనూ ఉన్న అలవాటే. నాపరాయి పలకలను కోసి పాలిష్ పట్టే యూనిట్ల నుంచి వచ్చే తెల్లటి ముద్ద దానికి కొత్త జోడు. ఆరితే దుమ్మై లేస్తుంది, వానకు కరిగితే పగుళ్లలోకి దిగి నీరు ఇంకే దారులను పూడ్చేస్తుంది.

చీకటిలో బతికేవారు

గుహలో ఎండ లేదు కాబట్టి ఆకుపచ్చని మొక్క లేదు. తిండి అంతా బయటి నుంచే రావాలి. వరదకు కొట్టుకొచ్చిన ఆకులు, గబ్బిలాల రెట్ట, చుక్కల్లో కరిగి వచ్చే సేంద్రియ పదార్థం, అంతే ఆధారం. ఆ కాస్త తిండితో సర్దుకున్న జీవులు కళ్లు పోగొట్టుకున్నాయి, రంగు పోగొట్టుకున్నాయి, స్పర్శను మాత్రం పదును పెట్టుకున్నాయి. ఒక గుహకు పరిమితమైన జాతి పక్క గుహలో ఉండకపోవచ్చు. దీవుల్లో జరిగే పరిణామమే ఇక్కడ రాతి మధ్య జరుగుతుంది.

మేఘాలయలోని ఉమ్ లాడా గుహలో 2019లో ప్రపంచం దృష్టికి వచ్చిన గుడ్డి చేప 40 సెంటీమీటర్లు దాటింది. నేల కింద బతికే చేపల్లో ఇంత పెద్దది మరొకటి తెలియదు. 2023లో దాన్ని నియోలిస్సోకైలస్ ప్నార్ అనే కొత్త జాతిగా వర్ణించారు. ఆంధ్రప్రదేశ్ గుహలు ఇచ్చినది మాత్రం చిన్నది, కొన్ని మిల్లీమీటర్ల జీవి. రొయ్యలు, పీతల దూరపు బంధువు. 2011లో జార్జ్ విల్సన్, నాగార్జున విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త వై. రంగారెడ్డి దానికి ఆంధ్రకాయిడిస్ అనే కొత్త ప్రజాతినే ఏర్పరచవలసి వచ్చింది. దాని దగ్గరి చుట్టాలు ఆస్ట్రేలియాలో ఉన్నాయి. భారత భూభాగం, ఆస్ట్రేలియా ఒకే గోండ్వానా ఖండంగా ఉన్ననాటి వంశం అది. పది కోట్ల ఏళ్లకు పైగా పైన సముద్రాలు తెరుచుకున్నాయి, లావా పారింది, రాజ్యాలు మారాయి. ఈ జీవి మాత్రం సున్నపురాతి సందుల్లోని నీళ్లలోనే ఉండిపోయింది. ఇలాంటిది ఉందని తెలిసే లోపే ఎన్ని క్వారీలు ఎన్నింటిని మింగాయో లెక్క కట్టే వీలు లేదు.

మలేషియాలో ఒక జీవికి ఆ లెక్క తెలిసింది. పహాంగ్ రాష్ట్రంలోని బుకిట్ పాంచింగ్ అనే ఒకే ఒక సున్నపురాతి గుట్ట మీద ప్లెక్టోస్టొమా సైయాఫిలమ్ అనే చిట్టి నత్త ఉండేది. సిమెంటు కోసం ఆ గుట్టను నేలమట్టం చేశారు. నత్త అంతరించిన జాతుల జాబితాకు ఎక్కింది. ఒక పరిశ్రమ ఒక జాతిని ఇంత సూటిగా, ఇంత సంపూర్ణంగా తుడిచేసిన సందర్భాలు తక్కువ.

గుట్ట మొత్తం బస్తాల్లోకి

ఒక టన్ను సిమెంటు క్లింకరు తయారవ్వాలంటే సుమారు టన్నున్నర సున్నపురాయి కావాలి. కొలిమిలో సుమారు 900 డిగ్రీల వేడికి ఆ రాయి విరిగి కార్బన్ డయాక్సైడును వదులుతుంది. సిమెంటు పరిశ్రమ నుంచి వెలువడే ఈ వాయువులో సగానికి పైగా ఇంధనం కాలినందుకు వచ్చేది కాదు, రాతిలోంచే వచ్చేది. ప్రపంచ ఉద్గారాల్లో ఈ పరిశ్రమ వాటా 7, 8 శాతం. పురాతన సముద్రాలు రాతిలో బంధించిన వాయువు కొలిమిలో నిమిషాల్లో తిరిగి ఆకాశానికి చేరుతోంది.

ఎర్రగుంట్ల, జమ్మలమడుగు, కొలిమిగుండ్ల, మాచర్ల, దాచేపల్లి, జగ్గయ్యపేట, మేళ్లచెరువు, మఠంపల్లి. సిమెంటు బస్తాల మీద చదివే ఊళ్ల పేర్లన్నీ సున్నపురాతి పటం మీద గీత గీసినట్టు కూర్చుంటాయి. ఈ పరిశ్రమ వేలమందికి బతుకు. ఇల్లు కట్టుకోవాలన్న కోరిక తప్పు కాదు, సిమెంటు వద్దని చెప్పడం పనికిరాని ఉపదేశం. అయితే గనుల లెక్కల్లో సున్నపురాయికి ఉన్న విలువ టన్నుల్లోనే. ఆ రాయి వాన నీటిని పట్టి, మోసి, బుగ్గల దగ్గర వదిలే ఏర్పాటు కూడా అన్న సంగతికి అందులో గడి లేదు. పై పొర తవ్వేశాక వాన చుక్క నెమ్మదిగా ఇంకే దారి పోతుంది. క్వారీ జలమట్టం కిందికి దిగితే నీటిని రాత్రింబవళ్లు తోడి పోయాలి, దానితో చుట్టుపక్కల బావులు వట్టిపోతాయి. పేలుళ్ల అదురుకు గుహ కప్పులు బీటలు వారతాయి.

ఇండోనేషియాలోని జావా దీవిలో కెండెంగ్ సున్నపురాతి కొండల కింద నివసించే రైతులు ఇదే వాదన చేశారు. తమ పొలాలకు నీళ్లిచ్చే ఊటలు ఆ కొండల్లో పుడతాయని, కొండ పోతే సాగు పోతుందని అన్నారు. 2016 ఏప్రిల్‌లో తొమ్మిది మంది మహిళలు జకార్తాలో అధ్యక్ష భవనం ఎదుట తమ పాదాలను సిమెంటు దిమ్మల్లో పోత పోయించుకుని కూర్చున్నారు. అదే ఏడాది ఆ దేశ సుప్రీంకోర్టు సిమెంటు కర్మాగారపు పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. వివాదం అంతటితో తీరలేదు. అదే దేశంలోని సులవేసి దీవిలో మారోస్-పాంగ్‌కెప్ కార్స్ట్ గుహల్లో మనిషి గీసిన అతి పాత బొమ్మల్లో కొన్ని ఉన్నాయి. వాటిలో ఒకదాని వయసు కనీసం 51,200 ఏళ్లని 2024లో తేల్చారు. ఆ కార్స్ట్‌లోనే సిమెంటు, చలువరాయి క్వారీలు నడుస్తున్నాయి. క్వారీలతో సంబంధం లేకుండా, గోడల్లో పేరుకునే ఉప్పు స్ఫటికాల వల్ల కూడా ఆ బొమ్మలు పెచ్చులూడుతున్నాయి. వేడెక్కుతున్న వాతావరణం ఆ వేగాన్ని పెంచుతోందని పరిశోధకుల అభిప్రాయం.

కాళ్ల కింద కుంగితే

గుహ కప్పును నిలబెట్టేది రాయి ఒక్కటే కాదు, లోపల నిండిన నీరు కూడా ఆసరా ఇస్తుంది. బోర్లు, గనుల పంపులు ఆ నీటిని తోడేస్తే ఆసరా పోతుంది. రాతి మీదున్న మట్టి కొద్దికొద్దిగా కింది ఖాళీలోకి రాలుతుంది. పైకి ఏమీ తెలియదు, లోపల మాత్రం బోలు పెరుగుతూ ఉంటుంది. ఒక పెద్ద వాన కురిసి మట్టి బరువెక్కిన రోజున నేల కూలుతుంది.

దక్షిణాఫ్రికాలో జోహానెస్‌బర్గ్ పడమట బంగారు గనుల కోసం డోలమైట్ రాతిలోని నీటిని భారీ ఎత్తున తోడారు. డోలమైట్ సున్నపురాతికి అన్నదమ్ముడు. 1962 డిసెంబరులో వెస్ట్ డ్రీఫొంటేన్ గని దగ్గర నేల కుంగి ఖనిజం పిండిచేసే యంత్రశాల మొత్తం 29 మందితో సహా లోపలికి పోయింది. అమెరికాలోని ఫ్లోరిడాలో 2010 జనవరిలో మంచు నుంచి స్ట్రాబెర్రీ తోటలను కాపాడుకోవడానికి రైతులు రోజుల తరబడి బోర్లు నడిపి మొక్కల మీద నీళ్లు చల్లారు. పంట దక్కింది. ఆ కొద్ది రోజుల్లోనే ప్లాంట్ సిటీ చుట్టుపక్కల 140 దాకా గుంతలు పడ్డాయి.

కడప జిల్లా చింతకొమ్మదిన్నె మండలంలో 2015 చివరి నెలల్లో పొలాల్లో ఉన్నట్టుండి బావుల్లాంటి గుండ్రటి గుంతలు పడినప్పుడు జనం భయపడ్డారు, భూకంపమని కొందరు, అరిష్టమని కొందరు అనుకున్నారు. భూగర్భ శాస్త్రజ్ఞులు వచ్చి పరిశీలించారు. కరువు ఏళ్లలో లోతు బోర్లతో జలమట్టం అడుగంటడం, అడుగున కరిగే రాయి, ఆ వెంటనే కుండపోత వాన. ప్రపంచంలో మరెక్కడ ఇవి కలిసినా జరిగేదే అక్కడా జరిగింది. వరసగా బోర్లు వేసే చోట కింద ఏ రాయి ఉందన్న ప్రశ్న నీరు పడుతుందా లేదా అన్నదానితో ఆగిపోతోంది.

దీపాల వెలుగులో నాచు

గుహలను ప్రేమించి చూడబోయేవారూ వాటికి బరువే. ఫ్రాన్స్‌లోని లాస్కో గుహ బొమ్మలు 17 వేల ఏళ్లు చెక్కుచెదరలేదు. 1948లో జనానికి తెరిచాక, సందర్శకుల ఊపిరి, వేడి, దీపాల వల్ల పదిహేనేళ్లలోనే గోడల మీద ఆకుపచ్చ నాచు, తెల్లని స్ఫటికాలు కమ్ముకున్నాయి. 1963లో మూసేశారు. ఇప్పుడు జనం చూసేది నకలును. 2001లో మూసి ఉన్న గుహలోనే శిలీంధ్రం తిరగబెట్టింది.

బెలుంలో సుమారు ఒకటిన్నర కిలోమీటర్ల దారిని పర్యాటక శాఖ బాగుచేసి 2002లో తెరిచింది. దీపాలు పెట్టింది, గాలి పంపే ఏర్పాటు చేసింది. అనంతగిరి కొండల్లోని బొర్రా గుహల్లో శివలింగంగా కొలిచే స్టాలగ్మైట్ దగ్గరికి మెట్లున్నాయి. గుహలో దీపం పెట్టిన చోటల్లా, ఎండ లేని రాతి మీద, నాచు పడుతుంది. రంగురంగుల దీపాలు ఫొటోలకు బాగుంటాయి గానీ శాస్త్రానికి చిరాకు. వేడి తక్కువ పుట్టించే దీపాలు, జనం ఉన్నప్పుడే వెలిగే స్విచ్చులు, రోజుకు ఇంతమందే అన్న పరిమితి, రాతిని తాకనివ్వని కంచె. చాలా దేశాల్లో ఇవి మామూలు నిబంధనలు, ఖర్చూ పెద్దది కాదు. చేతి జిడ్డు అంటిన స్టాలగ్మైట్ మీద కొత్త పొర సరిగా పట్టదు.

చట్టం కంట్లో గుహ

అమెరికా 1988లో, స్లొవేనియా 2004లో గుహల కోసమే చట్టాలు చేశాయి. భారతదేశంలో గుహ అనే సహజ నిర్మాణాన్ని గుహగా గుర్తించి కాపాడే కేంద్ర చట్టం లేదు. లోపల శిల్పమో చిత్రమో ఉంటే పురావస్తు చట్టం, అడవిలో ఉంటే అటవీ చట్టం, అరుదైన జీవి ఉంటే వన్యప్రాణి చట్టం చూసుకుంటాయి. ఏదీ లేని గుహ కింద ఖనిజం ఉంటే గనుల చట్టం చూసుకుంటుంది. భూవారసత్వ స్థలాల పరిరక్షణకు ఒక ముసాయిదా బిల్లును కేంద్రం 2022 డిసెంబరులో ప్రజాభిప్రాయానికి పెట్టింది.

తెలుగు నేల మీద కార్స్ట్‌కు దొరికిన అతి పెద్ద న్యాయరక్షణ గుహల పేరుతో రాలేదు. బొర్రా రిజర్వు అడవిలోను, అనంతగిరి మండల గ్రామాల్లోను కాల్సైటు, మైకా, సున్నపురాయి తవ్వకాలకు ప్రభుత్వం ప్రైవేటు వారికిచ్చిన లీజులను సమత అనే సంస్థ సవాలు చేసింది. 1997 జులై 11న సుప్రీంకోర్టు, షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వడం చెల్లదని తీర్పు చెప్పింది. కొండను కాపాడింది గిరిజనుల భూమి హక్కు. అదే బొర్రా మైదాన ప్రాంతంలో ఉండి ఉంటే ఏమయ్యేదో చెప్పడం కష్టం. మైదానంలో ఉన్న నాపరాయి సీమకు ఆ గొడుగు లేదు.

మేఘాలయలో ఇప్పటికి 1,700కు పైగా గుహలు నమోదయ్యాయి. అక్కడ ఎలుకబొరియ గనులుగా పేరుపడ్డ బొగ్గు తవ్వకాన్ని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2014లో నిషేధించింది. తరువాత కూడా గనులు ఆగలేదని 2018 డిసెంబరులో వరదనీటిలో చిక్కుకుపోయిన 15 మంది కార్మికుల విషాదం చెప్పింది. గనుల ఆమ్లజలం నదుల్లోకే కాక సున్నపురాతి గుహల్లోకీ దిగుతుంది. నీలంగా మారిన లుఖా నది ఫొటోలు దేశమంతా చూసింది, గుహల్లోకి దిగిన నీటిని ఎవరూ ఫొటో తీయలేదు.

మార్గాలు లేకపోలేదు. 1990ల నుంచి స్లొవేనియా క్రాస్ మీదుగా రహదారులు వేస్తున్నప్పుడు ప్రతి తవ్వకాన్నీ పోస్టోయ్నాలోని కార్స్ట్ పరిశోధన సంస్థ వెన్నంటి ఉండి చూసింది. 350కి పైగా కొత్త గుహలు బయటపడ్డాయి. వీలైనన్ని అలాగే ఉంచి, రోడ్డు మీది నూనె నీళ్లు రాతిలోకి ఇంకకుండా వేరే తొట్టెల్లోకి మళ్లించారు. కెంటకీలోని హార్స్ కేవ్ పట్టణం తన కింద పారే గుహానదిని మురుగుతో నింపుకుని, కంపు భరించలేక 1943లో గుహను మూసుకుంది. 1989లో కొత్త మురుగుశుద్ధి కేంద్రం వచ్చాక నాలుగేళ్లలో గుహ మళ్లీ తెరుచుకుంది, గుడ్డి చేపలు తిరిగొచ్చాయి. కలుషితమైన కార్స్ట్‌కు ఇలా ఒక్కోసారి రెండో అవకాశం ఉంటుంది. తవ్వేసిన దానికి ఉండదు.

కర్నూలు, పల్నాడు సున్నపురాళ్లలో చేయదగిన మొదటి పని పటం గీయడం. ఏ గుంతలో దిగిన నీరు ఏ బుగ్గలో తేలుతుందో రంగునీళ్లతో తెలుసుకోవడానికి కొన్ని కిలోల ఫ్లోరెసిన్, కొద్దిమంది మనుషులు, ఒక వానకాలం చాలు. 1877లో డాన్యూబ్ దగ్గర చేసినది అంతే. బెలుం చుట్టూ ఉన్న కంచె టిక్కెట్టు కౌంటరు దగ్గర మొదలై ప్రాంగణం చివర ముగుస్తుంది. పాతాళగంగకు నీళ్లు వచ్చే పొలాలు, వాగులు, క్వారీ గుంతలు ఆ కంచె బయట ఉన్నాయి. రక్షిత ప్రాంతపు హద్దు గీయవలసింది వాటి చుట్టూ. లీజుల హద్దులు నిర్ణయించడానికి ముందే ఆ పటం సిద్ధంగా ఉండాలి.